తవుడుకు కొన్న బిడ్డ

చంద్రకళ సంచిలోంచి అట్టల కట్ట తీసి, గోవిందరావు ఇంటి అరుగు మీద గోడకి చేరేసి నిలబెట్టింది. మొదటి అట్ట మీద ఎర్ర త్రికోణం, దాని కింద అమ్మా, నాన్నా, ఇద్దరు పిల్లలూ. నలుగురూ పళ్ళు కనపడేలా నవ్వుతుంటారు. ఖరగ్‌పూర్‌లో రైల్వేవాళ్ళ ట్రాఫిక్ కాలనీలో ఈ నలుగుర్నీ ఎరగని ఇల్లు లేదు. సొంత చుట్టాలు కూడా ఇన్నిసార్లు గడప తొక్కలేదని ఆడవాళ్ళు నవ్వుకుంటారు. అయినా చంద్రకళ అట్టలు తీస్తే అందరూ వచ్చి కూర్చుంటారు. ఆమె ఈ కాలనీలో పుట్టి, ఇక్కడి తెలుగు బడిలోనే చదువుకున్న పిల్ల. పైగా వాన పడుతోంది, పంపులో నీళ్ళు వచ్చే వేళ ఇంకా కాలేదు.

ఆమె పనిచేసేది కుటుంబ సంక్షేమ సంఘంలో. ఊళ్ళోనే ఖరిదా పేటలో అద్దెకు తీసుకున్న ఒక మేడ కింది గదులు ఆ సంఘానికి ఆఫీసూ, క్లినిక్కూ. ఎమర్జెన్సీ వచ్చిన దగ్గర్నుంచి సంఘానికి ఊపిరి సలపడం లేదు. ముగ్గురు పిల్లలున్న ప్రతి మగవాణ్ణీ ఆపరేషన్ బల్ల ఎక్కించాలి. ఎక్కనివాడి క్వార్టరు వంతు వెనక్కి పోతుంది, అడిగిన సెలవు దొరకదు. ఎవరు ఎక్కాలో చెప్పేది చంద్రకళ లాంటి వాళ్ళు.

అలాగని ఆమె బతుకుతెరువు కోసం మాత్రమే ఈ పని చేస్తోందంటే అన్యాయం. ఆమె నమ్మింది. రెండేళ్ళ కిందట కలకత్తా నుంచి ఒక పెద్దమనిషి వచ్చి గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. జనం ఇలా పెరిగితే అడవులు పోతాయి, నదులు ఎండుతాయి, గాలి కూడా పీల్చడానికి పనికిరాదు, చివరికి మనిషికి నిలబడే చోటు తప్ప పడుకునే చోటు దొరకదు అన్నాడు. ఆ రోజు చంద్రకళ ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయింది. మర్నాటి నుంచి అవే మాటలు వీధి వీధికీ మోస్తోంది.

నాలుగో అట్ట దగ్గర చిక్కొచ్చింది. ఖాళీ కంచం చుట్టూ లెక్కలేనన్ని చేతులు, పైన పెద్ద అంకెల్లో ఒక సంవత్సరం. ఆ అట్ట అచ్చు వేసినవాళ్ళు 1975 నాటికి దేశంలో తిండి ఉండదని వేశారు. అంత దూరపు సంవత్సరం నిజంగా వస్తుందని వాళ్ళు అనుకోలేదు కాబోలు. అది వచ్చింది, పోయింది. ఇప్పుడు డెబ్బయ్యారు శ్రావణం. అందుకని కిందటి వారం సంఘం సూపర్‌వైజర్ సుజాతమ్మ మైదాపిండి ఉడకబెట్టి, ఏడు అంకె మీద ఎనిమిది రాసిన కాగితం ముక్క అతికించింది. ఖరగ్‌పూర్ వానలకి గోడలే ఉబ్బుతాయి, మైదా ఎంత. చంద్రకళ అట్ట తిప్పగానే ఎనిమిది ఊడి అరుగు మీద పడింది.

గోవిందరావు పెద్దకూతురు బడిపిల్ల గనక అంకె గట్టిగా చదివేసింది. ఆ పిల్ల నాయనమ్మ దాలమ్మ తల మీది కొంగు సర్దుకుని ముందుకు వంగింది.

"డెబ్బయ్యయిదంటే కిందటేడే గదేటే? కిందటేడు మనం తిన్లేదేటి?"

అందరూ నవ్వారు. చంద్రకళ కూడా నవ్వి, కాగితం తీసి ఉమ్మితో తడిపి మళ్ళీ అంటించి, అది పాత అట్ట మామ్మా, ఇప్పుడు ఎనభై అయిదు అంటున్నారని సర్దిచెప్పింది. అయితే ఇంకా కొన్నేళ్ళు తినొచ్చన్నమాట అంది దాలమ్మ. ముసలిదానికి కరువంటే భయం లేక అన్న మాట కాదది. యుద్ధం రోజుల్లో, గాలివాన వచ్చిన మరుసటేడు, ఈ స్టేషన్లోనే గంజినీళ్ళు పోయమని అడుగుతూ జనం ప్లాట్‌ఫారమ్ మీద చచ్చిపోవడం ఆమె చూసింది. అప్పుడు ఆమె మొగుడు యార్డులో పాయింట్స్‌మేన్. బియ్యం వేగన్లు సైడింగులో నిలబడి ఉండేవని, తుపాకీలు పట్టుకుని పోలీసులు కాపలా ఉండేవని, ఆ బియ్యం ఎవరి కోసమో తమకెవరూ చెప్పలేదని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. ఆ రోజూ చెప్పింది. అప్పుడు ఇంత జనం కూడా లేరంది.

"ఆలు సెప్పిన ఏడు కరువు రాలేదే గుంటా. వొచ్చిన ఏడు ఎవులూ సెప్పలేదు."

చంద్రకళ అట్టలు కట్టేసి, ఇంటింటి పిల్లల లెక్క రాసే పుస్తకం తెరిచింది. దాలమ్మ కోడలు అప్పలనర్సమ్మ చేటలో బియ్యం చెరుగుతూ కూర్చుంది. ఆమెకి ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళ ఒకే గది ఇంట్లో దాలమ్మతో కలిపి అయిదుగురు పడుకుంటారు. రెండు గదుల క్వార్టరుకి గోవిందరావు వంతు వచ్చే నెల.

"పిల్లలెందరు వొదినా?" అంది చంద్రకళ తల ఎత్తకుండానే.

అప్పలనర్సమ్మ చేయి ఆగింది. ఆమె పక్కింటి గడప వైపు చూసింది. అక్కడ సింహాచలమ్మ ద్వారబంధానికి ఆనుకుని, వానని చూస్తున్నట్టు నిలబడి ఉంది. చంకలో పిల్లాడు ఆమె మెళ్ళో పసుపుతాడు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు.

"ముగ్గురు," అంది అప్పలనర్సమ్మ.

చంద్రకళకి ఆ మూడోవాడెవరో తెలుసు. వీధిలో తెలియనివాళ్ళు లేరు. సింహాచలమ్మకి పుట్టిన పిల్లలు పురుటి గుడ్డల్లోనే పోతూ వచ్చారు. చివరికి ఈ పిల్లాడు పుట్టినప్పుడు, వాళ్ళ శ్రీకాకుళం వైపు పెద్దలు చేసినట్టే, బిడ్డని చేటలో పడుకోబెట్టి గడప బయట పెట్టారు. పిల్లలు బతికి బట్టకట్టిన తల్లిగా అప్పలనర్సమ్మ దోసెడు తవుడు పోసి వాణ్ణి కొనుక్కుంది. అప్పట్నుంచి వాడు ఆమె కొడుకు, పేరు తవిటయ్య. కన్నతల్లి పాలిస్తుంది, ఎత్తుకుంటుంది, కాని తనదని అనదు. అంటే అంతకుముందు పిల్లల్ని తీసుకుపోయిన చెయ్యి వీణ్ణీ వెతుక్కుంటూ వస్తుంది. సింహాచలం కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించేదాకా కొన్నవాళ్ళ నోట 'నా బిడ్డ కాడు' అనే మాట రాకూడదు.

ఇదంతా తెలిసే చంద్రకళ ముగ్గురని రాసింది. ఈ నెలకి ఆమె ఇంకొక్క మనిషిని చూపిస్తే లెక్క నిండుతుంది. లెక్క నిండినవాళ్ళని పర్మనెంటు చేస్తామన్నారు. ఆమె తల్లి రెండు పూటలా అడుగుతున్న విషయం కూడా అదే. వాళ్ళే ముగ్గురని చెప్పారు, నేను కల్పించలేదు కదా అని మనసుకి చెప్పుకుంటూ, గొడుగు విప్పి వీధిలోకి దిగింది.

అలా చెప్పుకున్న సమాధానాలు ఒక పూటకి మించి నిలవవు. మర్నాడు పొద్దున్న ఆమె గోలే బజారు దారిలో వెళ్తుంటే అప్పలనర్సమ్మ ఎదురైంది. ఎప్పుడూ నిలబడి నాలుగు మాటలు చెప్పే మనిషి, చేతిలో చేపల సంచి ఉందన్న వంకతో తల తిప్పుకుని పోయింది. తిట్టినా బాగుండేదనిపించింది చంద్రకళకి. ఖరిదా చేరేసరికి ఉండబట్టలేక సుజాతమ్మకి సంగతంతా చెప్పేసింది. మూడోవాడు పక్కింటి బిడ్డ అండీ, గోవిందరావు అన్నయ్యకి ఇద్దరే అంది.

సుజాతమ్మ గోదావరి జిల్లా మనిషి. చెడ్డది కాదు. సొంత డబ్బుతో బాలింతలకి హార్లిక్స్ కొనిస్తుంది. కాని పై నుంచి వచ్చే అధికారుల ముందు ఏటా నిలబడి జవాబు చెప్పుకునేది ఆమె ఒక్కతే. తవుడు సంగతి విని, మనుషులు చంద్రుడి మీద నడిచాక కూడా ఇవేం నమ్మకాలమ్మా అంది. అంతలోనే గొడుగు అందుకుంది. నిజంగా పక్కింటి బిడ్డే అయితే పక్కింటి తల్లిని ఒప్పుకోమను, ఆమె నోటితో చెబితే పుస్తకంలో మూడు అంకె ఈ క్షణమే కొట్టేస్తానంది. న్యాయంగానే ఉన్నట్టు వినిపించింది. చంద్రకళకి ప్రాణం లేచివచ్చింది.

వాళ్ళు వెళ్ళేసరికి సింహాచలమ్మ మంచం మీద కూర్చుని పిల్లాడికి పాలిస్తోంది. సుజాతమ్మని చూసి కొంగు నిండుగా కప్పుకుంది. కొంగు కింద పిల్లాడి కాళ్ళు రెండూ బయటికే ఉన్నాయి, కాలి కడియం టిక్కు టిక్కుమని మంచం కోడుకి తగులుతోంది. వాళ్ళాయన నూకయ్య డ్యూటీకి వెళ్ళాడు. సుజాతమ్మ ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, మెత్తగా, నీకెందరమ్మా పిల్లలు అని అడిగింది.

"నాకు పిల్లలు నేరు అమ్మా."

"మరి ఈ బాబు?"

"అప్పలనర్సమ్మొదిన కొడుకు. ఆయమ్మకి పాలు నేవు. నాను ఇస్తన్నాను."

సుజాతమ్మ చంద్రకళ వైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు, కాస్త నవ్వు ఉంది. ఇంకో రెండుసార్లు తిప్పి తిప్పి అడిగింది. మూడోసారి సింహాచలమ్మ పిల్లాణ్ణి రెండో వైపుకి మార్చుకుంది. సుజాతమ్మ లేచి, సరే, పిల్లలు లేనిదానివంటున్నావు గనక బుధవారం క్లినిక్కుకి రా, పిల్లలు పుట్టడానికి మందు రాసిస్తారు అని చెప్పి బయటికి నడిచింది. ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళు. అటు ఇంట్లో పిల్లలు ఎక్కువయ్యారని కత్తి, ఇటు ఇంట్లో తక్కువయ్యారని మందు. ఉన్నది ఒక్క తవిటయ్యే.

చంద్రకళ వెనకే బయల్దేరబోయి గడపలో ఆగింది. సింహాచలమ్మ తల వంచుకునే, ఎవరితోనో అన్నట్టు అంది.

"పుట్టినోల్లని ఎట్టుకున్నారు మీ పుస్తకంలో. పోయినోల్లని ఎవులు ఎట్టుకుంతారు? నా సేత అనిపించకు అప్పా. ఆ మాట నాను అంతే ఈడు ఉండడు."

నిన్న వీధిలో తాను చెప్పిన మాటలు చంద్రకళకి తన చెవులకే వినిపించాయి. జనం, జనం, జనం. కలకత్తా పెద్దమనిషి గోడ మీద చూపించిన బొమ్మలో జనం లెక్క గీత ఆకాశంలోకి పోతూ ఉంటుంది. ఆ గీత గీసినవాళ్ళు ఈ ఇంట్లోకి వచ్చి ఉంటే ఏం రాసుకునేవారు? పిల్లలే లేరని రాసుకునేవారు, పక్కింట్లో ఒకణ్ణి ఎక్కువ రాసుకునేవారు. మరి సంఘం చేసిన కిందటి సర్వేలో, ఆడవాళ్ళు పంపు దగ్గర ఉన్న వేళ, నూకయ్య తన ఇంట్లో ఒకడున్నాడని చెప్పినట్టు ఆమెకి గుర్తొచ్చింది. అటు అప్పలనర్సమ్మ కూడా చెప్పింది. ఒక్క పిల్లాడు రెండు ఇళ్ళ లెక్కలోనూ ఎక్కి కలకత్తా దాకా వెళ్ళిపోయాడు. ఒక్క వీధిలో ఒక్కడివల్ల దేశం లెక్క తప్పుతుందని ఆమె అనుకోలేదు, అంత అమాయకురాలు కాదు. కాని రెండేళ్ళ కిందట భయంతో అన్నం మానిపించిన ఆ గీత మీద మొదటిసారి చిన్న అనుమానం పుట్టింది. ఎవరు గీశారు, ఎవరిని అడిగి గీశారు? అడిగినప్పుడు ఆ ఇంటివాళ్ళు గుండెల్లో ఏం పెట్టుకుని జవాబు చెప్పారు? ఊడిన ఎనిమిది అంకె కూడా అప్పుడే గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

వర్క్‌షాప్ మధ్యాహ్నం కూత వేసేసరికి ఆమె గేటు దగ్గర ఉంది. కూత ఆగకముందే సైకిళ్ళు వరదలా బయటపడ్డాయి. గోవిందరావుది వీల్ షాపు. ఇనప పట్టాని కాల్చి, అది వ్యాకోచించినప్పుడు చక్రం మీద దింపి, చల్లారి బిగుసుకునేదాకా చూసే పని. ఆ వేడికి కనుబొమల వెంట్రుకలు ఎప్పుడూ చివర్లు ముడుచుకుని ఉంటాయి. అతను నూలుపీచుతో వేళ్ళ సందుల్లో గ్రీజు తుడుచుకుంటూ, సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. ఆమెని చూసి ఆశ్చర్యపోలేదు. శనివారం ఆపరేషన్ల కేంపు కదా, ఫోర్‌మేన్‌ని సెలవు అడిగేశాను అన్నాడు.

చంద్రకళ గబగబా చెప్పింది. నీకు ఇద్దరే అని డాక్టరు ముందు ఒక్క మాట చెప్పు, నేను సాక్ష్యం చెబుతాను, క్వార్టరు పోదు, ఆపరేషనూ ఉండదు. నీకూ వదినకీ ఇంకొకరు కావాలని ఉందని నాకు తెలుసు అంది. అతను వేళ్ళు తుడుచుకోవడం ఆపలేదు. ఒక వేలు అయ్యాక ఇంకో వేలు తుడుచుకుంటూ, మొన్న పిల్లాడికి జ్వరం తగిలిన సంగతి చెప్పాడు. వాణ్ణి గోవిందరావు ఇంట్లోనే పడుకోబెట్టుకున్నారు, ఆ రాత్రంతా సింహాచలమ్మ ఆ గడప బయటే కూర్చుంది. పిల్లాడు లోపల ఏడుస్తున్నా, వాడు తనవాడన్నట్టు ఎవరికీ కనబడకూడదని లోపలికి రాలేదు. జ్వరం దిగాక అప్పలనర్సమ్మే చేయి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

"అలాంటి తల్లి ముందర ఆడు నా బిడ్డ కాడని నానెలా అంతాను? కొన్నప్పుడు తవుడే గదా పోసినాము. ఇప్పుడు దర ఇంకొంచెం పెరిగినాది, అంతే."

పీచు జేబులో కుక్కుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. అంత మామూలుగా ఎక్కాడు కాబట్టే చంద్రకళకి ఏడుపొచ్చింది. ఇది తన చేతి రాత. ఎవరి మీదికీ నెట్టడానికి వీల్లేదు. గేటు ముందు వేపచెట్టు కింద, పకోడీలు వేసే బీహారీ బండి పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంది. క్యా హువా దీదీ అని అతను అడిగితే పొగ అంది.

సాయంత్రం ఆమె దాలమ్మ దగ్గరికి వెళ్ళింది. ముసలమ్మ అరుగు మీద కూర్చుని అడ్డపొగ చుట్ట కాలుస్తోంది. చంద్రకళ చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి అడగవలసింది అడిగింది. తవుడిచ్చి కొన్నవాళ్ళు ఆ బిడ్డని ఇంకొకరికి అమ్మొచ్చా?

దాలమ్మ చుట్ట తీసి ఆమెని ఎగాదిగా చూసింది. అమ్మొచ్చునంది. కన్నవాళ్ళు అడగకూడదు గాని కొన్నవాళ్ళ ఇష్టం. బిడ్డ చేతులు మారినకొద్దీ వెతుక్కుంటూ వచ్చేదానికి దారి తప్పుతుందని వాళ్ళ అత్త అనేదట. కాకపోతే కొనేవాళ్ళ కడుపున బిడ్డ పోయి ఉండకూడదు.

"నాకు పోయినోల్లు నేరు కదా మామ్మా," అంది చంద్రకళ.

దాలమ్మ చుట్ట నేలకి రాసి ఆర్పింది. "పెల్లి కావాల్సిన గుంటవి. రేపు సూడ్డానికొచ్చినోల్లు నీ సంగతేటంతే ఒక కొడుకున్నాడనాల. నవ్వులాటకైనా కొడుకు నేడని అనకూడదు. అన్ననాడు ఆ పాపం నీదే. అంతావా?"

చంద్రకళకి తల్లి ముఖం గుర్తొచ్చింది. ఉప్పాడ నుంచి రాబోతున్న సంబంధం, టికెట్ కలెక్టరు, గుర్తొచ్చాడు. రైలు దిగి ఆ పెళ్ళివారు ఈ వీధిలోకి వస్తుంటే, పంపు దగ్గర ఆడవాళ్ళు ఏమని చెబుతారో కూడా తోచింది. ఆమె అరుగు అంచు మీద సున్నం పెచ్చు ఒకటి గోటితో లేపి, విరిచి, పారేసింది. అప్పుడు అంటానంది.

శనివారం పొద్దున్నే ఖరిదా దారిలో పాలు అమ్మే గ్వాలా దగ్గరికి వెళ్ళి తవుడు అడిగింది. ఆవుని కొన్నారా దీదీ, పాలెంత ఇస్తుందని అడిగాడతను. ఇంకా ఇంటికి తోలుకురాలేదు భయ్యా అంది. కాగితం పొట్లంలో తవుడు వెచ్చగా, తియ్యటి వాసన వేస్తోంది.

పెద్ద తతంగం ఏమీ జరగలేదు. దాలమ్మ గడపకి పసుపు రాసింది. అప్పలనర్సమ్మ చేట తెచ్చి గడప బయట పెట్టి అందులో పిల్లాణ్ణి కూర్చోబెట్టింది. ఏడాదిన్నరవాడు, చేట నిండా కాళ్ళే. చంద్రకళ పొట్లం విప్పి వాడి చుట్టూ తవుడు పోసింది. వాడు గుప్పెడు తీసుకుని నోట్లో పెట్టుకుని, రుచి నచ్చక ఉమ్మేశాడు. ఎవరూ నవ్వలేదు. అప్పలనర్సమ్మ చేట ఎత్తి చంద్రకళ చేతుల్లో పెట్టింది.

"ఈ బిడ్డ మాకు వొద్దు తల్లీ. నీ బిడ్డని నువ్వు తీసుకుపో," అంది. ఆ మాట ఆచారం ప్రకారం అనవలసిన మాటే. కాని అన్నాక లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. వాడి తొలి చొక్కా కుట్టింది ఆమె, తొలి అడుగు వేసింది ఆమె వాకిట్లో.

వీధి మధ్య పంపు దగ్గర సింహాచలమ్మ వీళ్ళ వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. బిందె నిండి నీళ్ళు కాళ్ళ మీదుగా పారుతున్నాయి. ఆమె పంపు కట్టలేదు, వెనక్కి తిరగలేదు.

ఖరిదా క్లినిక్కులో బల్లల మీద మగవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. గోవిందరావు ఉతికిన చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని, పెళ్ళికి వచ్చినవాడిలా ఉన్నాడు. అతనికి ఇంట్లో జరిగింది తెలీదు, తెల్లవారకుండానే వచ్చేశాడు. చంద్రకళ పిల్లాణ్ణి చంకనేసుకుని లోపలికి వచ్చినప్పుడు అతను లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

డాక్టరు కుర్ర బెంగాలీ, మేదినీపూర్ నుంచి రోజంతా ఇదే పని మీద తిరుగుతున్నవాడు. పేరు పిలిచి, పిల్లలెందరని అడుగుతున్నాడు. గోవిందరావు వంతు వచ్చింది. అతను నోరు తెరిచేలోగా చంద్రకళ బల్ల ముందుకి వచ్చి, ఇతనికి ఇద్దరే పిల్లలు, మూడని రాసింది నేను, తప్పు రాశానని బెంగాలీలో చెప్పింది. డాక్టరు కళ్ళజోడు పైకి తోసుకుని చంకలో పిల్లాణ్ణి చూశాడు.

"ఏ కార్ ఛేలే?" అన్నాడు. వీడు ఎవరి కొడుకని.

"ఆమార్," అంది చంద్రకళ. నా కొడుకని.

డాక్టరు చూపు ఆమె మెడ మీదికి పోయింది, అక్కడ ఏమీ లేదు. చేతుల మీదికి పోయింది, పెళ్ళయిన బెంగాలీ ఆడవాళ్ళు వేసుకునే శంఖం గాజులూ లేవు. అతను చూపు దించుకుని పెన్ను మూత పెట్టి తీశాడు. బల్లల మీది మగవాళ్ళు ఇంతసేపటికి తలలెత్తారు. సుజాతమ్మ గబగబా వచ్చి ఆమె భుజం పట్టుకుని పక్కకి లాగింది.

"నీకేమైనా మతిపోయిందా? ఇంతమంది మగవాళ్ళ ముందు అనే మాటేనా అది? పరాచికానికి అన్నానని చెప్పు, నేను సర్దుకుంటాను. సోమవారం నీ పర్మనెంటు కాగితాలు పైకి వెళ్తున్నాయి."

ఒక్క నవ్వు నవ్వితే చాలు. అంతా తేలిపోయేది. చంద్రకళకి నవ్వు రాలేదు. పిల్లాడు ఆమె చెవి పట్టుకుని లాగుతున్నాడు, వాడి వేళ్ళకి ఇంకా తవుడు అంటుకుని ఉంది.

"నా కొడుకేనండీ," అంది సుజాతమ్మతో, తెలుగులో, అందరికీ వినపడేలా.

డాక్టరుకి సాయంత్రంలోగా ఇంకా ఎందరినో చూడాలి. ఇద్దరంటే ఇద్దరే, ఇతను వెళ్ళొచ్చు, తరవాత ఎవరన్నాడు. గోవిందరావు బల్ల మీంచి లేచి, ఏం చేయాలో తెలియక, ఆమెకి నమస్కారం పెట్టబోయి, పెట్టకుండా, చెప్పులు వెతుక్కున్నాడు. సుజాతమ్మ ఆమె సంచి వైపు చూపించి, అట్టల కట్ట ఆ మూల పెట్టి వెళ్ళమంది. కేకలేస్తుందనుకుంది చంద్రకళ. అంత మెల్లగా అనేసరికి ఉద్యోగం పోయిందని అర్థమైంది. కట్ట మూల పెట్టింది. నవ్వే నలుగురూ గోడ వైపు తిరిగి ఉన్నారు.

బయట వాన వెలిసింది. గేటు పక్కన ఎర్రటి మొరం మట్టిలో, తడి పాదాలతో, సింహాచలమ్మ నిలబడి ఉంది. ట్రాఫిక్ కాలనీ నుంచి నడుచుకుంటూ వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎర్రగా తడిశాయి. ఆమెని చూడగానే పిల్లాడు ఏడుపు అందుకుని, చంద్రకళ చంకలోంచి ముందుకి దూకబోయాడు. సింహాచలమ్మ చేతులు లేచి, మళ్ళీ కిందికి దిగాయి. దగ్గరికి రాలేదు. తలొంచుకుని, కొత్త ఇంట్లో పనికి కుదిరిన మనిషిలా అడిగింది.

"మీ బాబు ఆకలికి ఏడుస్తన్నాడమ్మా. ఓపాలి ఇలాగియ్యండి. పాలిచ్చి మళ్ళీ తెచ్చి ఇచ్చెస్తాను."

చంద్రకళ వాణ్ణి ఆమె చేతుల్లో పెట్టింది.

"పాలియ్యి," అంది. "సాయంత్రం తీసుకురా."